మా బావ తెరవని ఇనప్పెట్టె

సభకి పెద్దగా కూర్చున్న మా ఓనరమ్మ గారికి, పని మానుకుని వచ్చిన ఫైర్ స్టేషన్ ఆఫీసరు గారికి, పోలీసు ఇన్‌స్పెక్టరు గారికి, మా కొట్లో ఇనప్పెట్టెలు కొని ఇన్నేళ్ళూ మా పొయ్యి వెలిగించిన వ్యాపారస్తులందరికీ, కొంటాం కొంటాం అంటూ ఏళ్ళ తరబడి బేరమాడి ఇప్పటికీ కొనకపోయినా ఇవాళ టిఫిన్ టైముకి మాత్రం ఠంచనుగా వచ్చేసిన పెద్దమనుషులకీ (నవ్వులు) — పేర్లు చెప్పను లెండి, మూడో వరసలో ఉన్నారు, వాళ్ళే నవ్వుతున్నారు — అందరికీ నా నమస్కారం.

ఓనరమ్మ గారు నన్ను ఐదు నిమిషాలే మాట్లాడమన్నారు. అమ్మా, నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, లెక్కల్లో వీకు. ఐదు నిమిషాలంటే ఎంతో నాకు కరెక్టుగా తెలీదు. (నవ్వులు) మీరు గడియారం చూసుకుంటే నేను చూడనట్టు నటిస్తాను, అంతే.

నన్ను తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. నేను ఈ కొట్టు లారీ నడుపుతాను, పెట్టెలు మోస్తాను, మీ ఇంట్లో నున్నగా మెరిసే గచ్చుకి బొక్కలు పెట్టి బోల్టులు బిగించి, ఆ తర్వాత మీ ఆవిడ చేత తిట్లు తిని వస్తాను. ఇవాళ రిటైరవుతున్న ఈయన నాకు బావ. మా అక్క మొగుడు. నోటితో ఈయన అమ్మినవన్నీ నడుంతో నేను మోశాను. అందుకే చూడండి, రిటైరయ్యే మనిషి నిటారుగా కూర్చున్నాడు, ఇంకా సర్వీసున్న నేను వంకరగా నిలబడ్డాను.

అసలు ఈయన్ని ఎక్కడ కూర్చోబెట్టారో చూశారా? కుడిపక్క ఫైర్ ఆఫీసరు గారు, ఎడంపక్క ఇన్‌స్పెక్టరు గారు. ఇటు నిప్పు, అటు దొంగ, మధ్యలో మా బావ. బతుకంతా అమ్మిన పెట్టెలాగే కూర్చున్నాడు. ఒకసారి నేను ఈయన కుర్చీ వెనకాల ఓ అట్టముక్క కట్టాను. ‘నిప్పుకి ఆగును, దొంగకి ఆగును, ఆకలికి ఆగదు’ అని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళంతా చదువుకుని నవ్వుకుంటూ పోయారు, ఈయనేమో తన మాటలకే నవ్వుతున్నారనుకుని ఇంకాస్త మాట్లాడాడు. (నవ్వులు)

మాటలంటే గుర్తొచ్చింది. మీరందరూ మా కొట్లోకి వచ్చినవాళ్ళే కదా, మీకు ఈయన ధర చెప్పాడా ముందు? చెప్పడు. ముందు కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళిస్తాడు, ఆనక అడుగుతాడు, ‘లోపల ఏం పెడతారండీ?’ అని. ఓ చీటీల వ్యాపారి ఈ ప్రశ్నకి కళ్ళెర్రజేశాడు. ‘అది నీకెందుకయ్యా?’ అన్నాడు. మా బావ ఏమన్నాడో తెలుసా? ‘దొంగకి చెప్పకండి, నాకు చెప్పండి. నొప్పెక్కడో చెప్పకుండా మందిమ్మంటే డాక్టరేం చేస్తాడు? కాగితాలకో పెట్టె, నగలకో పెట్టె. ఫొటోలు, క్యాసెట్లు అయితే మరీ సుకుమారం. కాగితం తట్టుకునే వేడికి అవి ఎప్పుడో కరిగిపోతాయి’ అన్నాడు.

ఆ పక్కనే వాళ్ళావిడ. ‘మా ఆయన బారినుంచి కాపాడే పెట్టె ఏదన్నా ఉందా అన్నయ్యగారూ?’ అంది. (నవ్వులు) మా బావ ఏమాత్రం తడుముకోకుండా, ‘ఉందమ్మా, కానీ ఆయన లోపల పట్టేంత సైజు లేదు’ అన్నాడు. చీటీలాయనకే ముందు నవ్వొచ్చింది. పెట్టె కొనుక్కుపోయాడు.

చాలామంది అనుకుంటారు, ఇనుము ఎంత మందంగా ఉంటే పెట్టె అంత గట్టిదని. దొంగకైతే నిజమే. మంటకి మాత్రం మందపాటి ఇనుమంటే మహా ఇష్టం. పొయ్యి మీద మూకుడు కాలినట్టు కాలుతుంది. బయట పెట్టె చెక్కుచెదరదు, లోపల దస్తావేజులు ముట్టుకుంటే పొడి. నిప్పుకి ఆగే పెట్టె వేరు. రెండు రేకుల మధ్యన సిమెంటులాంటి మందు కూరతారు, ఆ మందులో తేమ ఉంటుంది, మంటొచ్చినప్పుడు అది చెమటపట్టి లోపలున్నదాన్ని చల్లగా ఉంచుతుంది. అయితే దాని రేకు పల్చన, గునపం ఉన్నవాడికి డబ్బా మూత. అందుకని రెండూ కావాలంటే మందపాటి ఇనుమూ ఉండాలి, మధ్యలో మందూ ఉండాలి, తలుపు లోపలివైపు నిప్పు పరీక్ష పాసైన చీటీ ఒకటి, దొంగ పరీక్ష పాసైన చీటీ ఒకటి విడివిడిగా ఉండాలి. ఒక్క చీటీ చూపించి ‘రెంటికీ ఇదేనండీ’ అనేవాణ్ణి నమ్మొద్దని మా బావ మీకు ఎన్నిసార్లు చెప్పలేదూ? అలాంటి పెట్టె పదిమంది మనుషులంత బరువు. నా నడుం సాక్షి.

మన టైలరు మాస్టారు ఎక్కడ? చెయ్యెత్తండి మాస్టారూ, సిగ్గెందుకు, అయిపోయిన పెళ్ళి. (నవ్వులు) ఈయనకి మా బావ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, ‘తేలిక పెట్టె వద్దు, ఒకవేళ కొన్నా నేలకి బోల్టు వేయించుకోండి’ అని. మాస్టారు ఏమన్నాడూ? ‘కొత్త టైల్సండీ, పగిలిపోతాయి’ అన్నాడు. దొంగలు వచ్చారు. పెట్టె తెరిచారా? అంత ఓపిక వాళ్ళకెందుకు? దిండు చంకలో పెట్టుకున్నట్టు పెట్టుకుని పోయారు. నాలుగు రోజులకి కాలవ గట్టున దొరికితే ఇన్‌స్పెక్టరు గారు ఫోను చేశారు, ‘మీ పెట్టె దొరికింది మాస్టారూ, తలుపు మాత్రం పక్కన పడుంది’ అని. టైల్స్ మాత్రం ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి, పోయి చూసుకోవచ్చు. (నవ్వులు)

ఇంకోటి చెబుతాను, ఇది ఫైర్ ఆఫీసరు గారికి బాగా గుర్తుంటుంది. ప్రింటింగ్ ప్రెస్సు తగలబడినప్పుడు మొత్తం బూడిదైపోయి మధ్యలో మేం అమ్మిన పెట్టె ఒక్కటీ నల్లగా నిలబడుంది. ప్రెస్సాయన రెంచి పట్టుకుని పిచ్చిపట్టినవాడిలా దాని మీదకి పోతున్నాడు. ‘నా స్థలం కాగితాలు, నా పిల్లల సర్టిఫికెట్లు, తెరవండయ్యా!’ అని. మా బావ ఓ చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయనకీ పెట్టెకీ మధ్యలో వేసుక్కూర్చున్నాడు. ‘ఇప్పుడు తెరిస్తే లోపలికి గాలి పోతుందండీ. ఇంతసేపూ ఊపిరి బిగబట్టుకుని బతికున్న కాగితాలు గాలి తగలగానే భగ్గుమంటాయి. చల్లారాలి’ అన్నాడు. తిట్టాడు ఆయన. ఏడ్చాడు. నన్ను పక్కకి పిలిచి, ‘మీ బావని కాసేపు అవతలకి తీసుకుపో’ అని బతిమాలాడు కూడా. మా బావ కదలలేదు. ఉండుండి తలుపు మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లేవాడు. చుయ్‌మనేది. ‘విన్నారా? ఇంకా ఉంది’ అనేవాడు. మర్నాడు కూడా అదే కుర్చీ, అదే మాట. అక్కడే తిన్నాడు, అక్కడే కునుకు తీశాడు. చివరికి చుయ్‌మనడం మానేశాక తెరిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టల్లా వెచ్చగా, కాస్త చెమ్మగా, ఒక్క మూల కూడా కమలకుండా అన్నీ ఉన్నాయి. ఇందాక తిట్టాడని చెప్పానే, ఆ ప్రెస్సాయనే మా బావని వాటేసుకుంటే నా చొక్కా కూడా తడిసింది, ఎందుకంటే మధ్యలో నేనున్నాను. (నవ్వులు, చప్పట్లు)

చల్లారాకే తెరవాలి. ఇది మా బావ మాట. ఈ మాటకి చప్పట్లు కొట్టారు, సంతోషం. ఇంకో మాట కూడా ఉంది ఆయనది, దానికెవరూ చప్పట్లు కొట్టరు. పెట్టె మీ ఇంట్లో దింపి, బోల్టులు బిగించాక, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి చెప్పేవాడు గుర్తుందా? ‘నెలకోసారన్నా తలుపు బార్లా తెరిచి ఓ పూట గాలి తగలనివ్వండి. పెట్టె గోడల్లో తేమ ఉంటుంది. మంటొస్తే అదే మిమ్మల్ని కాపాడుతుంది, మీరు తెరవకపోతే అదే లోపలున్నదాన్ని తినేస్తుంది. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.’



మంచినీళ్ళు ఇలా ఇవ్వమ్మా. ఈ నీళ్ళిచ్చిన పిల్ల నా మేనకోడలు, మా బావ కూతురు. మామయ్య ఏం వాగుతాడోనని పొద్దుటినుంచి భయపడుతూనే ఉంది. నువ్వు కూర్చోమ్మా, ఏం వాగను.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. మా అక్కని మీలో చాలామంది చూశారు. చూడనివాళ్ళు కూడా ఆవిడ చేతిరాత చూశారు. మా కొట్లో అమ్మిన ప్రతి పెట్టె తలుపు మీదా కొన్నవాళ్ళ దుకాణం పేరు పసుపురంగు పెయింటుతో రాసింది ఆవిడే. స్టిక్కర్లు రాకముందు సంగతి. కాళ్ళు మడిచి నేల మీద కూర్చుని, నాలుక ఓ పక్కకి పెట్టి, సన్న కుంచెతో రాసేది. నేను పక్కన చేరి, ‘అక్కా, ఆ గుడి వంకరొచ్చింది’ అంటే బెదిరిపోయి వెనక్కి జరిగి చూసుకునేది. ఏ వంకరా ఉండేది కాదు. కుంచె తిరగేసి నా ముక్కుకి పసుపు పూసేది. ఆ ముక్కుతోనే డెలివరీలకి పోయేవాణ్ణి.

అక్క పోయి ఇది నాలుగో ఏడు. వ్యాపారస్తులారా, ఈ నాలుగేళ్ళలో మా బావ మీ కొట్లకి ఎన్నిసార్లు వచ్చాడు? ఎవరూ పిలవలేదు కదా? పెట్టెకి ఏ జబ్బూ లేదు కదా? ‘ఊరికే, కీళ్ళకి నూనె వేద్దామని’ అంటూ వచ్చి, ఓ బొట్టు నూనె వేసి, గుడ్డముక్కతో తలుపు తుడిచి, కాసేపు నిలబడి పోయేవాడు. ‘మీ బావకి పనిమీద ఎంత శ్రద్ధయ్యా’ అని మీరే నాతో అన్నారు. అయ్యా, ఆయన లారీలో నా పక్కనే కూర్చుని వచ్చేవాడు. నూనె డబ్బా ఒక్కోసారి తేవడం కూడా మర్చిపోయేవాడు. అక్షరాలు చూసుకోడానికి వచ్చేవాడండీ. మీ పేర్లే. మీ పేర్లు ఆవిడ రాసింది గదా.



బావా, తల దించుకోకు, తిట్టడం లేదు. ఇన్‌స్పెక్టరు గారూ, కాస్త ఆ రుమాలు అందించండి ఆయనకి.

మా బావ వాళ్ళింట్లోనూ ఓ పెట్టె ఉంది. నిప్పుకీ దొంగకీ రెంటికీ ఆగేది, అసలుసిసలుది. ఇద్దరు భాగస్తులు కలిసి ఆర్డరిచ్చారు దాన్ని, ఒకడి మీద ఒకడికి నమ్మకం లేక రెండు తాళాలు పెట్టించుకున్నారు, పెట్టె వచ్చేలోపే కొట్టుకుని విడిపోయారు. రెండు తాళాల పెట్టె ఇంకెవడు కొంటాడు? పాత ఓనరు గారు మా బావకి ఇచ్చేశారు. నేనే దింపాను. అక్క చూసి, ‘నమ్మకం లేనివాళ్ళ పెట్టె మనింటికెందుకండీ?’ అంది. ఒక తాళంచెవి తన బొడ్లో దోపుకుని, రెండోది బావకిచ్చింది. ‘పై అర నాది, కింద అర మీది. తెరిచినప్పుడు మీరు నా అర వంక చూడకూడదు’ అని రూలు పెట్టింది. ‘అందులో ఏం పెడతావే?’ అంటే, ‘అది మీకెందుకు?’ అంది. ఊళ్ళో ప్రతివాణ్ణీ ‘లోపల ఏం పెడతారు’ అని అడిగే మనిషికి ఇంట్లో దొరికిన జవాబు అది. (నవ్వులు)

ఇద్దరూ కలిసి నిలబడితేగానీ తెరుచుకోదు. మాటలు మానేసి కొట్లాడుకున్న రోజున కూడా ఏ కాగితమో కావాలంటే ఇద్దరూ రావాల్సిందే. ఈ పిల్ల మధ్యలో రాయబారం. ‘అమ్మా, నాన్న పెట్టె దగ్గరికి రమ్మంటున్నాడు.’ ‘వస్తున్నానని చెప్పు, మాట్లాడనని కూడా చెప్పు.’ పక్కపక్కన నిలబడి తాళాలు తిప్పేవాళ్ళు. ఈయన గోడమీద క్యాలెండరు వంక చూస్తూ నిలబడేవాడు, పై అర వంక చూడకుండా. ‘క్యాలెండర్లో ఇవాళేం వారం?’ అనేది ఆవిడ. అంతే, తగువు అయిపోయేది. నేను చూశాను, ఎన్నిసార్లో.

ఆసుపత్రిలో అక్క తన తాళంచెవి నా చేతిలో పెట్టింది, బావ ఎదురుగానే. అప్పటినుంచి ఆ పెట్టె తెరుచుకోలేదు. నెలనెలా ఓ ఆదివారం నేను వాళ్ళింటికి పోతాను. ఈయన టీ పెడతాడు, పంచదార మర్చిపోతాడు, నేను వంకలు పెడతాను. పెట్టె ఎదురుగా కూర్చుని తాగుతాం. ఈయన తాళంచెవి ఈయన జేబులో, అక్కది నా జేబులో. ‘బావా, గాలి తగలనివ్వాలేమో’ అని ఒక్కసారి అన్నాను. ‘ఇంకా చల్లారలేదురా’ అన్నాడు. మళ్ళీ నేనూ అడగలేదు. ఎందుకు అబద్ధం, నాకూ చల్లారలేదు. పై అర తెరిస్తే, అక్క కొత్తగా చెప్పే ఆఖరి మాట అదే. ఆ తర్వాత ఇంకేం ఉండదు. మూసున్నంతకాలం ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలుంది కదా అనిపించేది.

కానీ ఎల్లుండి ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలి. మా బావ కూతురింటికి పోతున్నాడు. మూడో అంతస్తు. లిఫ్టులో ‘ఆరుగురికి మించరాదు’ అని బోర్డుంది, పెట్టె పదిమంది బరువు. నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? ‘తెరవకుండా అలాగే కొట్టు గోడౌన్లో పెట్టెయ్యరా’ అన్నాడు. ఓనరమ్మ గారూ, మీరు మంచి మనసుతో సరేనన్నారు. అమ్మా, మీ గోడౌన్ గోడకి వీపు ఆనిస్తే చొక్కా తడుస్తుంది. నాలుగేళ్ళుగా మూసున్న పెట్టె అది. లోపల కాగితాలే ఉంటే పర్లేదేమో. ఫొటోలైతే? ఇప్పటికే అంటుకోవడం మొదలెట్టాయేమో, ఇంకో ఏడాదయితే అక్క మొహం ఇంకో ఫొటో వీపుకి అంటుకుపోతుంది, విడదీస్తే చిరిగిపోతుంది. నిప్పు రాలేదు, దొంగ రాలేదు బావా. మనమే చాలు.

అదుగో, టేబుల్ కింద మెరిసే కాగితం చుట్టిన పెద్ద పెట్టె ఉంది చూడండి, అది స్టాఫ్ తరఫున బహుమతి. గోడగడియారం అనుకుంటున్నారు కదా? విప్పు బావా. అమ్మాయ్, సాయం పట్టు. ... దాన్లో ఇంకో డబ్బా ఉంటుంది. ... దాన్లో ఇంకోటి. (నవ్వులు) ... నేను మారలేదు బావా, రిటైరయ్యేది నువ్వు. ... ఆఁ, అదే, ఆఖరిది. చూపించు అందరికీ.

తేమ పీల్చే పొట్లాలండీ. కొత్త పెట్టెల్లో వేసి ఇస్తాం చూడండి, అవే. సంచీ నిండా.

బావా, అక్క ఆవేళ తాళంచెవి ఇచ్చి, నువ్వు మందుల చీటీ పట్టుకుని కిందకి పోయాక నాతో ఓ మాట అంది. నువ్వు అడిగినప్పుడు చెప్పమంది. నువ్వు అడగవని ఇప్పుడు తెలిసింది కాబట్టి నేనే చెబుతున్నాను. ‘ఇది మీ బావ చేతికి ఇవ్వకురా. ఇస్తే ఒక్కడే కూర్చుని తెరుచుకుంటాడు. నువ్వెళ్ళి పక్కన నిలబడి తిప్పు’ అంది. ఆనక కాసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, ‘ఈసారి పై అర వంక చూడొచ్చని చెప్పు’ అంది.

(జేబులోంచి తాళంచెవి తీసి)

ఇదిగో, నా చేతిలో ఉంది. చల్లారిందా బావా?

... ఏంటి? మైకు ఇవ్వండి ఆయనకి. వద్దా? సరే, నేనే చెబుతాను.

‘చల్లారలేదురా. అయినా పద, తెరుద్దాం’ అంటున్నాడు.

(చప్పట్లు)

ఓనరమ్మ గారికి, ఆఫీసరు గార్లకి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. టిఫిన్లు మాకోసం ఆపకండి, మూడో వరసవాళ్ళు ఎలాగూ ఆపరు. అమ్మాయ్, ఆ పొట్లాల సంచీ పట్టుకుని లారీ ఎక్కు. నువ్వు మధ్యలో నిలబడి ఇవాళేం వారమో చెబుదువుగాని.

మా ముగ్గురికీ సెలవు ఇప్పించండి.